శనివారం గడి

పదకొండో పట్టీ తుడుస్తుండగా డాక్టర్ టాల్బర్ట్ నా బల్ల దగ్గరికి వచ్చారు. ఇళ్ళ నుంచి తిరిగొచ్చిన బీపీ మిషన్ల చేతిపట్టీలను ప్రతి శుక్రవారం స్పిరిట్ దూదితో తుడిచి, బ్యాటరీలు చూసి, సంచుల్లో సర్దడం నా పని. ఒక్కో పట్టీకి ఒక్కో ఇంటి వాసన ఉంటుంది. ఒకదానికి కొబ్బరినూనె, ఇంకొకదానికి వేయించిన చేప. తుడిచేస్తే అన్నీ ఒకటే వాసన.

"ఈ నలభై ఒకటో నంబరు మనిషిని చూశావా?" అని ఆవిడ ఒక కాగితం నా ముందు పెట్టారు.

ఆవిడ ముప్పై ఏళ్ళ పాటు నర్సుగా పనిచేసి, తర్వాత పరిశోధనలోకి వచ్చారు. డెట్రాయిట్‌లోని నల్లజాతి పెద్దవాళ్ళకీ, చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లల దగ్గర ఉంటున్న వలస కుటుంబాల పెద్దవాళ్ళకీ మందులు వాడుతున్నా రక్తపోటు ఎందుకు అదుపులోకి రావడం లేదన్నది ఆవిడ వెతుకుతున్న సంగతి. నేను ఆవిడ దగ్గర చదువుకుంటూ, తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళివస్తుంటాను. మొత్తం ఇరవై మూడు ఇళ్ళు.

కాగితం మీద నలభై ఒకటో నంబరు మనిషి మూడు నెలల రక్తపోటు గీత ఉంది. ఆరు రోజులు నూట నాలుగు, నూట ఎనిమిది, నూట ఒకటి. ఏడో రోజు నూట డెబ్బై. మళ్ళీ ఆరు రోజులు కిందికి. ప్రహరీ వెనక నుంచి ఎవరో వారానికోసారి తల ఎత్తి చూసినట్టుంది ఆ గీత.

"లెక్కలు చూసే ఆయన మిషన్ పాడయిందంటున్నాడు. ఈ మనిషిని జాబితాలోంచి తీసేద్దామంటున్నాడు. నువ్వేమంటావు?"

నేను తేదీలు చూశాను. తల ఎత్తినవన్నీ శనివారాలు.

"మిషన్‌కి శనివారమని ఎలా తెలుస్తుంది?" అన్నాను.

ఆవిడ నవ్వి, పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మందులు రోజూ వేసుకుంటున్నాడా?"

"వేసుకుంటున్నారు. రెండుసార్లు అడిగాను. మానలేదన్నారు."

"ఏ మాటల్లో అడిగావు?"

"ఏడో ప్రశ్నలో ఉన్న మాటల్లోనే."

ప్రశ్నల పట్టిక తెలుగులోకి మార్చింది నేనే. పదో తరగతి వరకు మా ఊరి బడిలో తెలుగులోనే చదివాను కాబట్టి నా తెలుగు మీద నాకు కాస్త గర్వం ఉండేది. గత నెలలో ఎప్పుడైనా మందులు మిస్ అయ్యారా అని ఇంగ్లీషులో ఉన్నదాన్ని 'ఎప్పుడైనా మందు మానేశారా?' అని రాశాను. పొందికగా ఉందనుకున్నాను.

డాక్టర్ టాల్బర్ట్ దానికి ఒక పాత సంగతి చెప్పారు. వాళ్ళ చర్చిలో పెద్దావిడల్ని మదర్ అంటారట. ఆవిడ మొదటి పరిశోధనలో మదర్ ఎర్లీన్ అని ఒకావిడ ఉండేదట. రోజూ మందు వేసుకుంటావా అంటే, రోజూ వేసుకుంటాను బిడ్డా అనేది. కాళ్ళు మాత్రం వాస్తూనే ఉండేవి. రెండు నెలలు చూసి, ఒక ఆదివారం డాక్టర్ టాల్బర్ట్ ఆవిడ పక్కనే చర్చిలో వెళ్ళి కూర్చున్నారు. ప్రార్థన మూడు గంటలు. మదర్ ఎర్లీన్ తెల్లబట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చునే మనిషి. ఆ మాత్ర వేసుకుంటే గంటకోసారి బాత్రూముకి లేవాలి. అందుకని ఆదివారం వేసుకోదు.

"మరి రోజూ అన్నావేమని అడిగాను. ఆదివారం రోజుల్లోది కాదు, దేవుడిది అంది." ఆవిడ లేచారు. "రేపు శనివారం. కాగితాలు తీసుకుపోకు. ఊరికే వెళ్ళి కూర్చో. తినే వేళకి వెళ్ళు."

నలభై ఒకటో నంబరు మనిషి పేరు హనుమయ్య. వయసు అరవై తొమ్మిది. మధిరలో ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళుగా డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో కూతురు రేణు దగ్గర ఉంటున్నారు. మూడు వారాల కిందట ఒక మంగళవారం పొద్దున ఆయన కళ్ళు తిరిగి మెట్ల దగ్గర పడిపోయారు. ఎముక విరగలేదు. కానీ ఆ రోజు నుంచి రేణుగారు ఆయన్ని ఒంటరిగా గడప దాటనివ్వడం లేదు. అంతకు ముందు రోజూ ఏడింటికి బయల్దేరి, కాలనీ చుట్టూ రెండు మైళ్ళు నడిచి, చెరువు దగ్గర బాతుల్ని చూసి వచ్చేవారు. ఈ దేశంలో తనంతట తాను చేసే పని అదొక్కటేనని మొదటిసారి వెళ్ళినప్పుడే నాతో చెప్పారు.

మర్నాడు తొమ్మిదింటికి వెళ్ళాను. పార్కింగ్ మూలల్లో మార్చి నెలాఖరు మంచు నల్లబడి ఇంకా ఉంది. రేణుగారు కారు తాళాలు చేత్తో పట్టుకునే తలుపు తీశారు. వారమంతా మీటింగుల్లో మాట్లాడి గొంతు బొంగురుపోయింది.

"శనివారం వచ్చావేంటి శ్రీవల్లీ? మీ రీసెర్చ్‌కి వీకెండ్ ఉండదా?"

"తాతగారిని ఊరికే చూద్దామని వచ్చానండీ."

"మంచి పని చేశావు. నేను గ్రోసరీస్‌కి వెళ్ళి గంటలో వచ్చేస్తా. ఇది చూడు ముందు." ఫోన్ తీసి నాకు చూపించారు. "నూట అరవై ఎనిమిది, నూట డెబ్బై ఒకటి, నూట అరవై ఐదు. మూడుసార్లు డోస్ పెంచారు. అయినా తగ్గట్లేదు. మండే అపాయింట్‌మెంట్ ఉంది. ఇంకో టాబ్లెట్ యాడ్ చేస్తామంటున్నారు."

"ఇవి మీరు చూసినవా?"

"నేనే. ప్రతి శనివారం సాయంత్రం స్వయంగా చూసి డాక్టర్‌కి పంపిస్తా. వీక్ డేస్‌లో నాకెక్కడ అవుతుంది?"

ఆ ఫోన్‌లో శనివారాలు తప్ప ఇంకేమీ లేవు. మా మిషన్ రోజూ తీసే లెక్కలు మా ఆఫీసుకి వస్తాయి. ప్రాణం మీదికి వస్తే తప్ప అవి డాక్టర్‌కి వెళ్ళవు.

"నాన్నా, బయటికి వెళ్ళకు. నేను వచ్చాక మాల్‌కి తీసుకెళ్తా, అక్కడ నడుద్దువుగాని" అని రేణుగారు లోపలికి కేకేశారు.

"మాల్‌లో నడిస్తే కాళ్ళు కాదే, కళ్ళు నొప్పెడతాయి" అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

ఆవిడ వెళ్ళిపోయారు. హనుమయ్యగారు ఉప్మా చేస్తున్నారు. జీడిపప్పు వేగిన వాసన ఇల్లంతా ఉంది. ప్లేటులో పెట్టి, అంచున నిమ్మకాయ పచ్చడి వేసి నా ముందు పెట్టారు. తను ఒక గ్లాసు కాఫీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు.

"తిను. చల్లారితే గోడలకి పోస్టర్లంటించుకోవాలి."

నేను తింటూ చూశాను. ఆయన ప్లేటు తెచ్చుకోలేదు.

"మీరు తినరా తాతగారూ?"

"ఇయ్యాల శనివారం కదమ్మా. ఒక్కపొద్దు. రాత్రికి రెండు ఇడ్లీలు తింటా."

"ఎన్నాళ్ళనుంచి?"

"డ్యూటీలో చేరిన కాడి నుంచి. నలభై రెండేళ్ళు. కాఫీకి దోషం లేదులే, అట్లా చూడకు."

మా నాయనమ్మ కూడా శనివారాలు ఉండేది. అది గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. "మరి మాత్రలు?" అన్నాను.

ఆయన నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూశారు. "మాత్రలెట్లా వేసుకుంటానమ్మా? తిన్నాక వేసుకోమని కదా చెప్పింది. పదిహేనేళ్ళ కింద ఖమ్మంలో మొదటిసారి బీపీ ఉందని చూసిన డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు, టిఫిన్ తిన్నాకేనయ్యా అని. టిఫిన్ లేనప్పుడు తిన్నాక అనేది ఎక్కడిది?"

"రాత్రి ఇడ్లీ తిన్నాక వేసుకోవచ్చు కదా?"

"అది పొద్దుటి మాత్ర. పొద్దున బస్సుకి కొట్టిన టికెట్టు రాత్రి బస్సులో చెల్లుద్దా?"

నేను ప్లేటు పక్కకి జరిపాను. "నేను అడిగినప్పుడు మందు మానలేదన్నారు."

"మానలేదుగా!" ఆయన గొంతులో నిజమైన కోపం వచ్చింది. "మానడమంటే ఏంది? బీడీ మానా. ఎనభై తొమ్మిదిలో మానా, ఇప్పటిదాకా ముట్టలా. దాన్ని మానడమంటారు. మందు నేనెందుకు మానతా? కావాలంటే చూసుకో."

గూట్లోంచి వారం మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. ఏడు గడుల ప్లాస్టిక్ డబ్బా. ప్రతి ఆదివారం ఆయనే నింపుకుంటారు. చివరిదైన శనివారం గడి మూత తెరిచాను. నిండా లవంగాలున్నాయి.

"ఖాళీగా ఉంచడమెందుకని" అన్నారాయన.

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను వేసిన ప్రశ్నకి సరైన జవాబే చెప్పారు. డాక్టరు మాట, దేవుడి మాట, రెండూ దాటకుండా పదిహేనేళ్ళుగా నడుచుకుంటున్నారు.

నేను ఫోన్‌లో ఆయన గీత తెరిచి, ఆయన పక్కన కుర్చీ వేసుకుని చూపించాను. ఈ ఆరు రోజులూ మందు ఉన్న రోజులు, ఇది లేని రోజు. మీ అమ్మాయికి తీరిక దొరికేది ఈ ఒక్క రోజే. డాక్టరు చూసేదీ ఈ ఒక్క రోజునే. దాన్ని చూసి మందు పెంచుతుంటే, మిగతా ఆరు రోజులు అది మీకు మరీ ఎక్కువై కళ్ళు తిరుగుతున్నాయేమో.

ఆయన గీత మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపించారు. చాలాసేపు చూశారు.

"అంటే, ఒక్క స్టేజీలో జనాన్ని చూసి రూటంతటికీ రెండో బస్సేశారన్నమాట."

"అలాంటిదే."

"రేణుకి చెప్పకు."

నేను ఫోన్ బల్ల మీద పెట్టాను.

"చెప్తే శనివారం మాన్పిస్తది. నడక పోయింది. ఇదీ పోతే నాదంటూ ఏముందమ్మా ఇక్కడ? తినటం, మాత్రలేసుకోటం, నా బిడ్డ వచ్చిందాకా కిటికీలోంచి చూడటం."

"నేను చెప్పను తాతగారూ. మీరు వద్దన్నాక చెప్పకూడదు కూడా, అది మా పనిలో నియమం. కానీ సోమవారం మూడో మందు రాస్తారు. మళ్ళీ పడితే?"

ఆయన కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. మా మేడమ్‌ని ఒక మాట అడగనా అని అడిగాను. సరేనని తల ఊపారు. డాక్టర్ టాల్బర్ట్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. సంగతంతా విని ఆవిడ మాత్రల పేర్లు చదివించుకున్నారు.

"ఉపవాసంలో ఆయన నీళ్ళు తాగొచ్చా?" అని అడిగారు.

నేను తెలుగులో అడిగాను.

"నీళ్ళకేముంది? ఆ మాటకొస్తే మందుకి మాత్రం ఏముంది? మందేమన్నా అన్నమా?" అన్నారు హనుమయ్యగారు.

అది నేను ఇంగ్లీషులో చెప్పగానే అటువైపు పెద్దగా నవ్వు వినబడింది. ఈ రెండు మాత్రలూ తినకుండా వేసుకున్నా ఫర్వాలేదని తనకి తెలిసినంతవరకు అన్నారావిడ. కానీ హనుమయ్యగారు తనంతట తాను ఏదీ మార్చకూడదు. సోమవారం డాక్టర్‌తో ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన అన్నట్టు చేయాలి. "ఉన్నదున్నట్టు" అన్న మాట రెండుసార్లు అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఆయన నన్నడిగారు. "మీ మేడమ్ ఏ దేవుణ్ణి కొలుస్తది?"

"చర్చికి వెళ్తారండీ."

"మరి ఉపవాసం మానమన్లేదేం?"

"ఆవిడ ఎవర్నీ ఏదీ మానమనరు."

గరాజ్ తలుపు చప్పుడైంది. రేణుగారు సంచులు మోసుకుని లోపలికి వచ్చారు. సాయం చెయ్యాలని లేచాను. హనుమయ్యగారు కదలలేదు. ఆవిడ పాలు ఫ్రిజ్‌లో పెడుతూ దగ్గారు. ఇంకోసారి దగ్గారు.

"గొంతు అట్లా పెట్టుకుని తిరుగుతావేందే, లవంగం బుగ్గన పెట్టుకో" అని ఆయన మాత్రల డబ్బాను బల్ల మీద ఆవిడ వైపు తోశారు. చివరి గడి మూత తీసే ఉంది.

రేణుగారు లవంగం తీసుకుని నోట్లో వేసుకున్నారు. తర్వాత డబ్బా వైపు చూశారు. ఆ గడి మూత మీది అక్షరం చూశారు.

"ఇదేంటి నాన్నా? సాటర్డే టాబ్లెట్స్ ఏవి?"

"శనివారం ఏముంటయ్? ఒక్కపొద్దు కదా."

"ఒక్కపొద్దైతే? టాబ్లెట్ మానేస్తావా?"

"మానటమేంది? అందరూ అదే మాట!"

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. గుసగుసలాగా అరుస్తున్నారు. "రోజూ అడుగుతున్నాను కదా నిన్ను, టాబ్లెట్ వేసుకున్నావా వేసుకున్నావా అని!"

"శనివారం అడగవుగా. నువ్వు లేచేసరికి ఎనిమిదిన్నర."

"లవంగాలు పెట్టుకుంటావా దాంట్లో? చిన్నపిల్లాడివా?"

"లవంగం మంచిదే. నీకు దగ్గు తగ్గలా?"

రేణుగారికి ఏడుపొచ్చింది. నా ముందు ఏడవడం ఇష్టంలేక సింకు వైపు తిరిగి, కడిగిన గ్లాసే మళ్ళీ కడిగారు. ఆయన మెల్లగా అన్నారు. "చెప్తే శనివారాలు మాన్పిస్తావనుకున్నా."

"మాన్పించేదాన్నే" అన్నారు రేణుగారు, అటు తిరిగే.

నేను గీత ఆవిడకి చూపించవచ్చా అని హనుమయ్యగారిని అడిగాను. "చూపించు, ఇంకేముంది" అన్నారు. ఆవిడ తడి చేతులతోనే ఫోన్ పట్టుకుని చూశారు. శనివారాల దగ్గర ఆగారు. తర్వాత మంగళవారం పడిపోయిన రోజు దగ్గర ఆగారు. తొంభై నాలుగు.

"నేను పంపిన నంబర్సే కదా ఇదంతా చేసింది."

"ప్రశ్న తప్పుగా అడిగింది నేనండీ" అన్నాను. "మూడు నెలల కిందట సరిగ్గా అడిగి ఉంటే అప్పుడే తెలిసేది."

ఆవిడ నన్ను ఓదార్చలేదు. నేనూ ఆవిడని ఓదార్చలేదు. తర్వాత రేణుగారు, ఈ గీత ప్రింట్ తీసివ్వగలవా, మండే తీసుకెళ్తాను అన్నారు.

సోమవారం ఆఫీసులో డాక్టర్ టాల్బర్ట్‌కి నా తప్పు కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడ చదివి, ఫైల్లో పెట్టి, "ఇప్పుడు మిగతా ఇరవై రెండు ఇళ్ళు" అన్నారు. రెండు రోజులు ఫోన్లు చేశాను. 'మందు వేసుకోని రోజులు ఏవేవండీ?' అని అడిగాను. అంతే తేడా. ఒకావిడ ఏకాదశులు లెక్కపెట్టి చెప్పింది. ఒకాయన గురువారాలు అన్నారు. ఐదు గంటల దూరంలోని షామ్‌బర్గ్‌లో కొడుకింటికి వెళ్ళిన ఒకావిడ, కార్లో దూరం వెళ్ళే రోజు వేసుకోనమ్మా, దారిలో ఎక్కడని దిగుతాం అంది. మదర్ ఎర్లీన్ మాటే. అది డాక్టర్ టాల్బర్ట్‌కి చెబితే, ఆవిడ నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మొత్తం తొమ్మిదిమంది తేలారు. అందరూ మానలేదని చెప్పినవాళ్ళే.

హనుమయ్యగారి డాక్టరు పెంచిన డోసంతా తీసేసి మొదటి డోసుకి తెచ్చారు. శనివారం మంచినీళ్ళతో వేసుకోమన్నారు. మూడో మందు రాయలేదు. మొదటి శనివారం నూట నలభై వచ్చింది. రెండో శనివారం నూట ముప్పై రెండు. మిగతా రోజుల్లో నూట ఇరవైల్లో ఉంది. కళ్ళు తిరగడం లేదని ఆయన ఫోన్‌లో చెప్పారు. నడక సంగతి అడిగితే, "మేడమ్‌గారు ఇంకా చూద్దామంటున్నారు" అన్నారు. మేడమ్‌గారంటే రేణుగారు.

ఆఖరిసారి ఏప్రిల్ చివర ఒక బుధవారం పొద్దున వెళ్ళాను. మిషన్ తీసుకుని వచ్చెయ్యాలి. రేణుగారు ఆ రోజు ఇంటి నుంచే పనిచేస్తున్నారు. వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నారు. నాకు చేత్తోనే కూర్చోమని సైగ చేశారు.

హనుమయ్యగారు చెయ్యి చాపారు. పట్టీ చుట్టాను. అది బిగిసి, వదులైంది. నూట ఇరవై ఆరు, డెబ్బై ఎనిమిది. ఆయన అంకె వైపు చూసి, పట్టీ విప్పుకుని, మిషన్‌ని రేణుగారి వైపు తిప్పి చూపించారు. ఆవిడ మాట్లాడుతూనే తల ఊపి, బొటనవేలు పైకెత్తారు. మళ్ళీ తెర వైపు తిరిగారు.

ఆయన కాసేపు కూర్చున్నారు. నేను మిషన్ వైర్లు చుడుతున్నాను. తర్వాత లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, కింది మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నారు. లేసులు కట్టుకోవడం ఆయనకి ఆలస్యమవుతుంది. ఒకటి కట్టి, విప్పి, మళ్ళీ కట్టారు. కోటు వేసుకుని గుండీలు పెట్టుకున్నారు. చెవుల మీదుగా మఫ్లర్ చుట్టుకున్నారు.

రేణుగారు చూశారు. హెడ్‌ఫోన్స్ ఒక పక్కకి లాగి, మ్యూట్ నొక్కారు.

"ఎక్క..." అని ఆగిపోయారు. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదు కదా. ఆవిడ చెయ్యి ఇంకా మ్యూట్ మీదే ఉంది. లాప్‌టాప్‌లోంచి ఎవరో ఆవిడ పేరు రెండుసార్లు పిలిచారు.

ఆయన వెనక్కి తిరగలేదు. తలుపు తీసి బయటికి అడుగుపెట్టి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.